కరిచే మాటలు, కుట్టే మాటలు

"వర్రీ అవకు" అన్నది ఇప్పుడు తెలుగు మాటే అయిపోయింది. పరీక్ష రాసొచ్చిన పిల్లాడితో తల్లి అంటుంది. ఆస్పత్రి వరండాలో తమ్ముడితో అన్న అంటాడు. అమెరికా నుంచి ఫోన్ చేసిన కూతురు తండ్రితో అంటుంది. ఈ "వర్రీ"కి పాత ఇంగ్లీషులో మొదటి అర్థం ఏమిటో తెలుసా? గొంతు పిసికి చంపడం.

నిజంగా అదే. జర్మన్ భాషలో దీనికి చుట్టమయ్యే "వ్యూర్గెన్" అనే మాటకు ఈనాటికీ గొంతు నులమడమనే అర్థం. ఇంగ్లీషులో ఆ మాట మెల్లగా మనుషుల్ని వదిలి జంతువుల మీదికి వెళ్ళింది. తోడేలో కుక్కో గొర్రె గొంతు పట్టుకుని విదిలించడాన్ని వర్రీ అన్నారు. తర్వాత మళ్ళీ మనుషుల దగ్గరికే వచ్చి, ఒకరినొకరు వేధించుకోవడానికి పేరైంది. ఎవరికి వారు కూర్చుని లోలోపల మథనపడటాన్ని వర్రీ అనడం బాగా స్థిరపడింది 19వ శతాబ్దంలోనే. పాత అర్థం పూర్తిగా పోలేదు కూడా. బ్రిటన్‌లో 1953లో పశువుల రక్షణకు ఒక చట్టం చేశారు. పొలాల్లో మేసే గొర్రెల్ని కుక్క వర్రీ చేస్తే యజమాని నేరస్థుడు. కరిస్తేనే అక్కర్లేదు, గొర్రెకు హాని కలిగేలా తరిమినా వర్రీ చేసినట్టేనని ఆ చట్టం చెబుతుంది. తరిమితే ఏమవుతుందని అనుకోకండి. చూలుతో ఉన్న గొర్రె అలా బెదిరి పరిగెడితే ఈసుకుపోతుంది. పంటి గాటు ఒక్కటీ లేకుండా పిల్ల పోతుంది.

నాకు ఈ మాట మీద ఇంత శ్రద్ధ ఎందుకంటే, శరీరశాస్త్రం చెప్పేదీ దీని కథా ఒకచోట కలుస్తాయి. తోడేలును చూడగానే గొర్రె మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే గ్రంథులు అడ్రినలిన్‌ను వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, నెత్తురు కండరాలకు మళ్ళుతుంది, అరుగుదల ఆగుతుంది. వెనకాలే కార్టిసాల్ వచ్చి నెత్తుటిలో చక్కెర పెంచుతుంది. పరుగు కొన్ని నిమిషాల్లో తేలిపోతుంది. బతికితే మళ్ళీ గడ్డి మేస్తుంది, లేకపోతే లేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ సపోల్‌స్కీ 1994లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. జీబ్రాలకు కడుపులో పుండ్లు ఎందుకు రావన్నది ఆ పుస్తకం పేరు. సింహం వెళ్ళిపోగానే జీబ్రా ఒంట్లో ఆ గొడవంతా సద్దుమణుగుతుంది. మనిషికి సింహం అక్కర్లేదు. వచ్చే నెల కట్టవలసిన వాయిదా తలచుకుంటే చాలు, అవే గ్రంథులు అదే పని మొదలుపెడతాయి. నెలల తరబడి ఆపవు. నిద్ర చెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. గొంతు మీద ఎవరి పళ్ళూ లేవు. శరీరం మటుకు ఉన్నాయనే అనుకుంటుంది.

ఇంగ్లీషులో మనిషిని వదలకుండా బాధించడానికి ఇలాంటి మాటలు ఒకటీ రెండూ కాదు, చాలా ఉన్నాయి. నిఘంటువు తీస్తే అన్నిటికీ ఎదురుగా బాధించు, వేధించు, పీడించు అనే ఉంటుంది. అందుకే మన పిల్లలు ఒకదానికి బదులు ఇంకొకటి వాడేస్తుంటారు, తప్పు వాళ్ళది కాదు. నన్నడిగితే ఆ మాటల్లో చాలావాటి వెనక ఒక ప్రాణి ఉంది. కుక్కో, ఈగో, పురుగో. ఆ ప్రాణి ఎలా బాధిస్తుందో తెలుసుకుంటే ఆ మాట ఎక్కడ అతుకుతుందో దానంతటదే తెలిసిపోతుంది.

కుక్కల సంగతి చూడండి. పాత ఇంగ్లీషులో కుక్కలన్నిటికీ పేరు "హౌండ్". ఇప్పుడు వేటకుక్కకే ఆ పేరు మిగిలింది. వేటకుక్క బలం పంటిలో లేదు, ముక్కులో ఉంది. కుక్క ముక్కును దగ్గరగా చూశారా ఎప్పుడైనా? రెండు రంధ్రాల పక్కన చిన్న చీలికలుంటాయి. లోపలికి పీల్చేది ముందునుంచి, వదిలేది ఆ పక్క చీలికల్లోంచి. అందువల్ల వదిలిన గాలి నేలమీది వాసనను చెదరగొట్టదు, కొత్త వాసనను ముక్కు వైపు తోస్తుంది. పీల్చిన గాలిలో కొంత ఊపిరితిత్తులకు పోకుండా వాసన పట్టే అర వైపు మళ్ళుతుంది. జింక కంటికి కనపడకుండా పోయినా, దాని దారి కుక్కకు పోదు. జింక ఆగి ఊపిరి తీసుకునేలోపు మళ్ళీ వెనకాల అరుపు వినిపిస్తుంది.

అందుకని "హౌండ్ చేయడం" అంటే తప్పించుకుని పోతున్న మనిషిని వెంటపడి తరమడం. అప్పులవాళ్ళు హౌండ్ చేస్తారు, కెమెరాలు పట్టుకున్నవాళ్ళు సినిమా తారల్ని హౌండ్ చేస్తారు. తరిమేవాడు ఉండాలి, పారిపోయేవాడు ఉండాలి. పంటినొప్పి మనిషిని హౌండ్ చేయదు. "డాగ్" అనే క్రియ దానికన్నా నెమ్మది. అడుగులో అడుగు వేసుకుంటూ వెనకాలే వచ్చేది. ఒక మంత్రి మీద పదేళ్ళ కిందటి ఆరోపణ ఉంది, ఆయన ఏ పదవిలోకి వెళ్ళినా అది వెంట వస్తూనే ఉంది. అప్పుడు ఆరోపణలు ఆయన్ని డాగ్ చేశాయంటారు. ఇందులో ఒక ముచ్చట ఉందర్రా. ఇదే మాట విశేషణమై "డాగిడ్" అని రెండు అక్షరాలుగా పలికితే పొగడ్త అవుతుంది. పట్టు వదలని మనిషి అని. కుక్క చేసే పని అదే, జింక వైపు నుంచి చూస్తే బాధ, వేటగాడి వైపు నుంచి చూస్తే గుణం.

"బ్యాడ్జర్" కథ వింటే మనసు కష్టపడుతుంది. అది ఐరోపాలో నేలలో బొరియ తవ్వుకుని ఉండే జంతువు. నలుపు తెలుపు చారల ముఖం, పొట్టి కాళ్ళు, రాత్రిపూట వానపాములు వెతుక్కుని తింటుంది. ఎవరి జోలికీ పోదు. పూర్వం ఇంగ్లండులో దాన్ని పట్టి ఒక పెట్టెలో పెట్టి, దాని మీదికి వరసగా కుక్కల్ని ఉసిగొల్పి, పందేలు కట్టేవారు. బ్యాడ్జర్ దవడ కీలు పుర్రెలోకి లోతుగా దిగి ఉంటుంది, అది పట్టిందంటే పట్టు జారదు. అందుకే చాలాసేపు నిలబడేది. చాలాసేపు నిలబడటమే దాని ప్రాణానికి వచ్చింది, ఆట ఎక్కువసేపు సాగుతుంది కదా! 1835లో బ్రిటిష్ పార్లమెంటు దీన్ని నిషేధించింది. ఈ రోజు ఇంగ్లీషులో బ్యాడ్జర్ చేయడమంటే ఒక మనిషిని మూలకు నెట్టి, ప్రశ్న మీద ప్రశ్న వేసి, అడిగిందే అడిగి ఒప్పించేదాకా వదలకపోవడం. అమెరికా కోర్టుల్లో అవతలి వకీలు సాక్షిని ఇలా కుళ్ళబొడుస్తుంటే ఇవతలి వకీలు లేచి "సాక్షిని బ్యాడ్జర్ చేస్తున్నారు" అని అభ్యంతరం చెబుతాడు. చూడండి ఎంత అన్యాయమో. బాధపడింది బ్యాడ్జరు, బాధపెట్టినవి కుక్కలు, కుక్కల్ని వదిలింది మనుషులు. భాషలో నింద మాత్రం పాపం దానికి మిగిలింది.

ఇక మన జోరీగ. వేమన పుణ్యమా అని దాన్ని చూడని పట్నం పిల్లలకు కూడా పేరు తెలుసు. ఇంగ్లీషులో దీన్ని "గ్యాడ్‌ఫ్లై" అంటారు. "గ్యాడ్" అంటే ములుగర్ర చివరి ముల్లు. మా చిన్నతనంలో ఎండ చుర్రుమనే వేళ ఎద్దు మూపురం మీద జోరీగ వాలగానే ఆ చోట చర్మం మాత్రమే జలదరించేది. కాలు కదలదు, తల తిరగదు, అరచేతి మేర చర్మం వణుకుతుంది. పశువులకు చర్మం కిందే పలచటి కండరం ఉంటుంది, ఈగల్ని దులపడానికి అది పనికొస్తుంది. మనకు ఆ వసతి లేదు. జోరీగ అంతటితో పోదు. తోక అందని చోటు చూసుకుని మళ్ళీ వాలుతుంది.

నెత్తురు తాగేది ఆడ జోరీగే. మగది పూలతేనె తాగి బతుకుతుంది. దోమలాగా సన్నటి గొట్టం దించడం దీనికి రాదు. దీని నోట్లో కత్తుల జత ఉంటుంది, చర్మాన్ని కోసి, ఊరిన నెత్తుటిని నాకుతుంది. అందుకే దాని కాటు అంత మంట. మంట పుట్టగానే పశువు తోలేస్తుంది, కడుపు నిండని ఈగ పక్క పశువు మీద వాలుతుంది, మూతికి అంటిన నెత్తురుతో సహా. జబ్బు పాకే దారి ఇదే. 1880లో పంజాబ్‌లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు గుర్రాలకూ ఒంటెలకూ వచ్చే "సుర్రా" రోగం చూసి, జబ్బు చేసిన పశువు నెత్తుటిలో మెలికలు తిరిగే సూక్ష్మజీవిని కనిపెట్టాడు. ఆ జీవి ఆయన పేరే పెట్టుకుంది, ట్రిపనోసోమా ఇవాన్సీ. దాన్ని ఒక పశువు నుంచి ఇంకో పశువుకు మోసేది ముఖ్యంగా ఈ జోరీగ జాతే. ఈగ అంత మొండిగా తిరిగి తిరిగి రాకపోతే ఆ జబ్బుకు అంత దారి దొరికేది కాదు.

జోరీగకు గ్రీకులో పేరు "ఓయిస్ట్రోస్". అది కుట్టినప్పుడు పశువు తోక ఎత్తి పరిగెత్తే తీరును బట్టి ఆ మాటకు ఆవేశం, పిచ్చి ఊపు అనే అర్థాలు వచ్చాయి. ఆవు ఎదకు రావడాన్ని పశువైద్యులు "ఈస్ట్రస్" అనడం దానివల్లే. అక్కణ్ణుంచే "ఈస్ట్రోజన్" అనే హార్మోన్ పేరు వచ్చింది. ఇంగ్లీషులో "గ్యాడ్‌ఫ్లై" అని మనిషిని అంటే, ఊరికే చిరాకు పెట్టేవాడని కాదు. పెద్దల్ని నిద్రపోనివ్వకుండా ప్రశ్నలు వేసేవాడని. ఏథెన్స్ నగరాన్ని బద్ధకించిన మేలుజాతి గుర్రమనీ, తనను దాని మీద వాలే ఈగ అనీ సోక్రటీస్ న్యాయస్థానంలో చెప్పుకున్నట్టు ప్లేటో రాశాడు. క్రీస్తుపూర్వం 399లో ఆ నగరం ఆయనకు విషం ఇచ్చింది. ఇంకో మాట చెప్పి ముందుకు పోతాను. జపాన్‌లో 2019లో నల్ల ఆవుల మీద జీబ్రా చారల్లా తెల్ల రంగు పూసి చూశారు. వాటి మీద ఈగలు కుట్టడం సుమారు సగానికి తగ్గింది. జీబ్రాకు చారలెందుకన్న ప్రశ్నకు ఈగలే ఒక ముఖ్యమైన జవాబని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా వినండి. "ప్లేగ్" అనే మాట లాటిన్‌లో "దెబ్బ" అనే అర్థం నుంచి వచ్చింది. దేవుడు కొట్టిన దెబ్బ అని అంటురోగానికి ఆ పేరు పెట్టారు. మన దేశాన్ని అది 1896లో బొంబాయి రేవులో పట్టుకుంది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో కోటి మందికి పైగా మనవాళ్ళు పోయారు. దానికి కారణమైన బ్యాక్టీరియాను అప్పటికే, 1894లో, హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ పట్టుకున్నాడు. అయితే అది మనిషికి ఎలా చేరుతుంది? గాలివల్లనా, మురికివల్లనా, తిండివల్లనా? పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీలో ఒక ప్రయోగం చేశాడు. పెద్ద గాజుపాత్రలో జబ్బు చేసిన ఎలుకను, దాని ఒంటి మీది గోమార్లతో, అంటే ఇంగ్లీషులో "ఫ్లీ" అనే గెంతే పురుగులతో సహా పెట్టాడు. అది చావబోయే ముందు ఇంకో ఆరోగ్యమైన ఎలుకను జాలీ పంజరంలో ఉంచి, మొదటిదాన్ని తాకే వీలు లేకుండా అందులోకి దించాడు. రెండు ఎలుకలూ ఒకదాన్నొకటి తాకలేదు. గోమారు మాత్రం గెంతగలదు. రెండో ఎలుకకూ ప్లేగు వచ్చింది. పిల్లల బొమ్మలాటంత సులువైన ప్రయోగం, అయినా పెద్దలు చాలా ఏళ్ళపాటు ఆయన మాట నమ్మలేదు.

గోమారు ఎందుకంత ప్రమాదమైందో తెలిసింది 1914లో, లండన్‌లో బాకోట్, మార్టిన్ అనే ఇద్దరు దాని పొట్ట కోసి చూశాక. గోమారు గొంతుకూ పొట్టకూ మధ్య ముళ్ళ వాకిలి ఒకటి ఉంటుంది. తాగిన నెత్తురు వెనక్కి రాకుండా అది మూసుకుంటుంది. ప్లేగు బ్యాక్టీరియా ఆ ముళ్ళ మధ్య జిగురు గడ్డ కట్టి, రోజురోజుకూ పెరిగి, దారి మూసేస్తుంది. గరాటు గొంతులో గుడ్డపీలిక ఇరుక్కున్నట్టు. ఇక గోమారు ఎంత పీల్చినా నెత్తురు లోపలికి దిగదు. ఆకలితో అది మళ్ళీ కుడుతుంది, మళ్ళీ కుడుతుంది. పీల్చిన నెత్తురు గడ్డకు తగిలి, కొంత బ్యాక్టీరియాను కలుపుకుని, కుట్టిన గాటులోకే తిరిగి పడుతుంది. పొట్ట నిండే గోమారైతే ఒకసారి తాగి ఊరుకునేది. నిండదు కనకే అన్నిసార్లు కుడుతుంది. చివరికి అదీ ఆకలితో చస్తుంది. ప్లేగు పాకడానికి ఇదొక్కటే దారి కాదని, గడ్డ కట్టకముందు కూడా గోమారు కొంత అంటించగలదని తర్వాత తేలింది. ఇది మటుకు పెద్ద దారి. ఈ గుట్టు విప్పిన బాకోట్ 1922లో కైరోలో టైఫస్ జ్వరం మీద పరిశోధన చేస్తూ అదే జ్వరంతో పోయాడు. ఆయన పేరు ఎక్కువమందికి తెలియదు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

ఈ గోమారును మనసులో పెట్టుకుంటే "ప్లేగ్" అనే క్రియను ఎప్పుడూ తప్పు వాడరు. ఒక్కసారి వచ్చి పోయేదానికి అది పనికిరాదు. పదే పదే రావాలి, ఎన్నో చోట్ల కుట్టాలి. ఒక బౌలర్‌కు ఒక సీజన్‌లో మోకాలు, తర్వాత భుజం, తర్వాత వీపు పట్టేస్తే గాయాలు అతన్ని ప్లేగ్ చేశాయంటారు. ఒక ప్రాజెక్టు ఒకసారి నిధులు లేక, ఒకసారి వానలకు, ఒకసారి కోర్టు కేసుకు ఆగిపోతూ ఉంటే అది జాప్యాలతో ప్లేగ్ అయిందంటారు. సందేహాలు కూడా ప్లేగ్ చేస్తాయి, బహువచనంలో. ఒక్క సందేహమే అయి, చిన్నదే అయి, ఒకే చోట కొరుకుతూ ఉంటే దానికి "న్యాగ్" ఉంది. అది పాత స్కాండినేవియా భాషల్లో కొరకడమనే మాటకు సంబంధించింది. ఎలుక ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరకడం వల్లే అవి అరిగి అదుపులో ఉంటాయి. ఆకలి లేకపోయినా అది కొరుకుతుంది. తలుపు గొళ్ళెం పెట్టానా లేదా అని రైలెక్కాక మొదలయ్యే అనుమానం న్యాగింగ్ అనుమానం. పశ్చాత్తాపానికి ఇంగ్లీషు వాడే "రిమోర్స్" కూడా ఇంచుమించు ఈ కుదురుదే, లాటిన్‌లో మళ్ళీ కొరకడమని.

"పెస్టర్" అనే మాట వినగానే పురుగుమందు డబ్బా మీది "పెస్ట్" గుర్తొస్తుంది. ఈ కాలంలో రెండూ దగ్గరగా జరిగాయి కానీ, పెస్టర్ మొదట మేతకు వదిలిన గుర్రం కాళ్ళకు వేసే బంధం. కదలనివ్వకుండా కాళ్ళకు అడ్డం పడటం. పిల్లలు జాతరలో రంగులరాట్నం ఎక్కిస్తేగాని అడుగు వెయ్యనివ్వరు చూడండి, అది పెస్టర్. దానికి చిన్న చిన్న కోరికలు చాలు.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది "ర్యాంకిల్". ఏళ్ళ కిందట పడ్డ మాట, జరిగిన అన్యాయం, పైకి మర్చిపోయినట్టే ఉండి లోపల రగులుతూ ఉంటే ఇంగ్లీషువాళ్ళు అది ఇంకా ర్యాంకిల్ చేస్తోందంటారు. పాత ఫ్రెంచిలో ఇది చీము పట్టిన పుండు. ఇంకా వెనక్కి పోతే లాటిన్ "డ్రాకున్‌కులస్", చిన్న డ్రాగన్, అంటే చిన్న సర్పం. పుండుకూ పాముకూ ఏమిటి సంబంధం? ప్రాణిశాస్త్రంలో ఈ పేరుతోనే ఒక పురుగు ఉంది, డ్రాకున్‌కులస్ మెడినెన్సిస్. ఇంగ్లీషులో గినీ వార్మ్. మన పెద్దలు దాని పుండును "నారి కురుపు" అన్నారు.

ఈ కురుపు దిగుడుబావుల ఊళ్ళలో ఉండేది. మెట్లు దిగి, పాదాలు నీళ్ళలో పెట్టి నిలబడి బిందె ముంచుకునేవారు. ఆ నీటిలో సైక్లాప్స్ అనే నలుసంత జీవి ఈదుతుంటుంది. దాని పొట్టలో గినీ వార్మ్ పిల్లలు పెరుగుతాయి. నీళ్ళు వడకట్టకుండా తాగితే సైక్లాప్స్ మన కడుపులో చస్తుంది, పిల్లపురుగు మటుకు పేగు గోడ తొలుచుకుని బయటపడుతుంది. ఆడపురుగు సుమారు ఏడాది పాటు చర్మం కింద పెరిగి, ఒక్కోసారి మీటరు దాకా సాగుతుంది. ఆ ఏడాదిలో మనిషికి ఏమీ తెలియదు. పొలం దున్నుతాడు, పెళ్ళిళ్ళకు పోతాడు. ఒకనాడు పాదం దగ్గర బొబ్బ లేచి నిప్పు పెట్టినంత మంట. చల్లదనం కోసం కాలు నీళ్ళలో పెడతాడు. పురుగు కావాలనుకునేది అదే. బొబ్బ పగిలి, లక్షల పిల్లలు నీటిలోకి పోతాయి. పురుగు కొస కనిపించాక దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొన్ని సెంటీమీటర్లు మాత్రం లాగాలి. వారాలు పడుతుంది. తొందరపడి లాగితే తెగి, లోపలి ముక్క వాచి, చీము పట్టి, కాలు చెడుతుంది. దీనికి మందు లేదు, టీకా లేదు.

అయినా పోయింది! మన దేశం 1983–84లో దీని మీద కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల్లో ఏడాదికి దాదాపు 40 వేల కేసులు. ఏం చేశారు? బిందె మూతికి గుడ్డ కట్టి వడకట్టమని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. దిగుడుబావుల మెట్లు మూసి గట్టు మీంచి తోడుకునే బావులుగా మార్చారు, బోర్లు వేశారు, నీటిలో సైక్లాప్స్‌ను చంపే మందు చల్లారు, కురుపు ఉన్నవాళ్ళను నీళ్ళలో దిగనివ్వలేదు. చివరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లో నమోదైంది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి ఈ పురుగు లేదని ధ్రువపత్రం ఇచ్చింది. 1986లో ప్రపంచం మొత్తం మీద ఏటా 35 లక్షల మందికి వచ్చే జబ్బు, 2024లో 15 మందికి వచ్చింది. ఇప్పుడు ఆఫ్రికాలో, చాద్ లాంటి దేశాల్లో, కుక్కల్లో దాక్కుని ఉంది. దాన్ని అక్కడినుంచి కూడా వెళ్ళగొట్టే పని జరుగుతోంది. వడపోత గుడ్డ ఇంత పని చేసిందని చెప్పుకోవడానికి నాకెంతో గర్వంగా ఉంటుంది. మన ఇళ్ళలో ఆడవాళ్ళు కట్టిన గుడ్డ అది.

"ర్యాంకిల్" వాడేటప్పుడు ఆ మౌనమైన ఏడాదిని గుర్తుంచుకోండర్రా. అప్పటికప్పుడు మండిపోయే కోపానికి ఈ మాట నప్పదు. మాట పడిన రోజున ఏమీ అనిపించకపోవచ్చు. లోపల పెరగడానికి వ్యవధి కావాలి. వాక్యంలో కూడా మనిషి ముందు రాడు, ఆ అవమానమే ముందు కూర్చుంటుంది. అది ర్యాంకిల్ చేస్తుంది, అంతే.

"బిసెట్", "ఆబ్సెస్" అన్న మాటల్లో ప్రాణి లేదు. రెండిటిలోనూ ఉన్నది కూర్చోవడం. చుట్టూ దండు దిగి కూర్చోవడం. 1687లో ఔరంగజేబు సేన గోల్కొండ చుట్టూ ఎనిమిది నెలలు కూర్చుంది చూడండి, అలాగన్నమాట. కష్టాలు నాలుగు వైపులా ఉంటే బిసెట్. ఒకే తలపు ముట్టడి వేస్తే ఆబ్సెషన్.

"హాంట్" అంటే మనకు దయ్యాల సినిమాలు గుర్తొస్తాయి. మొదట దాని అర్థం మామూలే, ఒకచోటికి తరచూ వెళ్ళడం. జంతువులు అలవాటుగా తిరిగే చోటును ఇప్పటికీ వాటి హాంట్ అంటారు. చనిపోయినవాళ్ళు కూడా పాత చోటికి తిరిగి వస్తారనుకున్నారు కనక దయ్యానికి అంటుకుంది. జరిగిపోయినదే హాంట్ చేస్తుంది. రేపటి పరీక్ష హాంట్ చేయదు, అది వర్రీ. పోయిన ఏడు రాసి చెడగొట్టుకున్న పరీక్ష హాంట్ చేస్తుంది.

ఇలా తిరిగి తిరిగి వచ్చే తలపును తరిమితే పోతుందా? డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఈ ప్రశ్న మీద 1987లో ఒక ప్రయోగం ప్రచురించాడు. విద్యార్థుల్ని ఒక్కొక్కరినీ గదిలో కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు మనసులోకి వచ్చింది వచ్చినట్టు పైకి చెప్పమన్నాడు. ఒక్కటే షరతు, తెల్ల ఎలుగుబంటి గురించి తలచుకోకూడదు. తలపు వస్తే గంట కొట్టాలి. గంటలు మోగుతూనే ఉన్నాయి, సగటున నిమిషానికి ఒకసారి కంటే ఎక్కువ. తర్వాత "ఇప్పుడు తలచుకోవచ్చు" అన్నాక, మొదటినుంచీ తలచుకోనిచ్చిన వాళ్ళకంటే, అణచుకున్న వీళ్ళకే ఎలుగుబంటి ఎక్కువసార్లు వచ్చింది. ఎందుకని ఆలోచించి ఆయన చెప్పింది ఇది. వద్దనుకున్నదాన్ని మనసు రెండు పనులుగా చేస్తుంది. ఒక భాగం వేరే సంగతులు వెతుకుతుంది. ఇంకో భాగం "ఎలుగుబంటి వచ్చిందా, వచ్చిందా" అని కాపలా కాస్తుంది. కాపలా కాయాలంటే దాన్ని తలచుకోక తప్పదు. అలసిపోయి ఉన్నప్పుడు వెతికే భాగం సన్నగిల్లి, కాపలా భాగమే మిగులుతుంది. అర్ధరాత్రి పక్క మీద దొర్లేవాళ్ళందరికీ ఇది అనుభవమే.

టెక్సస్‌లో బేలర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ఇంకో సంగతి తేల్చారు. 57 మంది యువతీయువకుల్ని రాత్రి ప్రయోగశాలలో పడుకోబెట్టి, తలకు తీగలు అమర్చి నిద్ర కొలిచారు. పడుకునే ముందు అయిదు నిమిషాలు సగం మంది అప్పటికి చేసేసిన పనులు రాశారు, సగం మంది ఇక ముందు చెయ్యవలసిన పనులు రాశారు. చెయ్యవలసినవి తలచుకుంటే నిద్ర చెడుతుందని నేనైతే అనుకునేవాణ్ణి. జరిగింది వేరు, వాళ్ళకే సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. "పెళ్ళి పనులు" అని ఒక్క మాటలో రాసినవాళ్ళకంటే "మంగళవారం పొద్దున వంటవాడికి ఫోన్ చెయ్యాలి" అన్నంత విడివిడిగా, ఎక్కువ పనులు రాసినవాళ్ళకు ఇంకా తొందరగా పట్టింది. కాగితం, పెన్సిలు మంచం పక్కన పెట్టుకోండి. ఫోన్‌లో వద్దు, ఆ ప్రయోగం చేసింది కాగితం మీదే.